క్యాంపర్ వ్యాన్ కోసం ఏ బండి కొనాలి? టేపు, కాటా పట్టుకుని ఎంచుకునే పద్ధతి

"అన్నా, క్యాంపర్ వ్యాన్ కడదామనుకుంటున్నా. ట్రావెలర్ కొననా, వింగర్ కొననా?" వారానికి ఇద్దరైనా నన్ను ఈ మాట అడుగుతారు. క్యాంపర్ వ్యాన్ అంటే లోపలే పడుకుని, వండుకునేలా మార్చుకున్న వ్యాన్. అడిగేవాళ్లు చాలామంది మంచం ఎటువైపు ఉండాలో, లైట్లు ఏ రంగో అప్పటికే తేల్చుకుని ఉంటారు, బండి సంగతి మాత్రం తేలదు. ఇంకొందరు తెలిసినవాళ్లు చవకగా ఇస్తున్నారని అడ్వాన్స్ కూడా కట్టేసి, ఆ తర్వాత ఫోన్ చేస్తారు. లోపల చేసిన వడ్రంగి పని నచ్చకపోతే విప్పేసి మళ్లీ చేసుకోవచ్చు. బండి పొడవు, ఎత్తు, అది మోసే బరువు మాత్రం ఎన్ని డబ్బులు పెట్టినా మారవు. అందుకే ప్రతిసారీ ఫోన్‌లో చెప్పే మాటలన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ఇది మన దగ్గర దొరికే బండ్ల గురించి, మన రోడ్ల గురించి.

కావాల్సినవి

- 5 మీటర్ల టేపు, నోట్‌బుక్
- ముగ్గుపిండి లేదా సుద్దముక్క
- చిన్న అయస్కాంతం, మంచి టార్చి
- బండి సీ-బుక్ (ఆర్‌సీ) కాపీ
- దగ్గర్లో ఒక వే బ్రిడ్జి. కాటా అన్నా ధర్మకాంటా అన్నా అదే
- మీకు నమ్మకమున్న మెకానిక్, అమ్మేవాళ్లు చూపించిన మనిషి కాదు
- మీ ఇంట్లో అందరికంటే పొడుగు మనిషి

1. బండి చూడకముందే బరువు లెక్క వేయండి

సీ-బుక్‌లో చూడాల్సిన బరువులు రెండు. అన్‌లాడెన్ వెయిట్ అంటే ఖాళీ బండి బరువు. జీవీడబ్ల్యూ అంటే బండి, మనుషులు, నీళ్లు, సామాను అన్నీ కలిపి దాటకూడని బరువు. అది సీ-బుక్‌లో లేకపోతే బండికి బిగించిన కంపెనీ ప్లేటు మీద ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాలోనే మీ ఇల్లు మొత్తం ఇమడాలి.

నలుగురున్న ఇంటికి నేను వేసిన లెక్క ఇలా ఉంటుంది. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు 190 కిలోలు. 100 లీటర్ల నీళ్లు 100 కిలోలు. 12 ఎంఎం ప్లైవుడ్, ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కోటి సుమారు 24 కిలోలు, పది షీట్లకు 240. ఇనుప ఫ్రేము 60. లిథియం బ్యాటరీ 25. చిన్న ఫ్రిజ్ 20. రెండు సోలార్ ప్యానెళ్లు, వాటి స్టాండు 55. ఏసీ 45. పరుపు 30. వేడి ఆపే షీటు 20. చిన్న గ్యాస్ సిలిండర్, స్టవ్ 12. బట్టలు, గిన్నెలు, సరుకులు, పిల్లల సైకిల్ అన్నీ 100. మొత్తం 897, అంటే దగ్గర దగ్గర 900 కిలోలు.

ఇందులో రెండే రెండు మార్చి చూడండి. వడ్రంగి "గట్టిగా ఉంటుంది సార్" అన్నాడని 12 ఎంఎం బదులు 18 ఎంఎం ప్లై వేస్తే అదనంగా 120 కిలోలు. లిథియం ఖరీదెక్కువని రెండు ట్యూబులర్ బ్యాటరీలు పెడితే ఇంకో 95. మంచం, అల్మరా అవే, బరువు మాత్రం 1,100 దాటిపోయింది. నన్నడిగితే ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. బండిని ఇల్లు అనుకుని ఇంటికి వాడే సామానే వాడతారు.

సులువుగా గుర్తుండాలంటే ఇలా ఆలోచించండి: 13 మంది కూర్చుంటే మనిషికి 70 కిలోల చొప్పున 910 కిలోలు. అంటే నిండా జనంతో, లగేజీతో ఘాట్ ఎక్కి దిగడానికి తయారైన 13 సీట్ల బండి అయితే పై లెక్క దానికి మామూలు పని. ఐదుగురు కూర్చునే బండిలో అదే సామాను సర్దితే బ్రేకులకు ముప్పు.

2. డాబా మీద ముగ్గు వేసి ఒక సాయంత్రం అందులో ఉండండి

ఇది మాత్రం వదిలేయకండి, నిజంగా చేయండి. బండి లోపలి కొలతలు తీసుకుని డాబా మీద అసలు సైజులో ముగ్గుపిండితో గీయండి. మంచం, గట్టు, తలుపు అన్నీ గీసి, ఇంట్లో అందరూ ఆ గీతల లోపలే రెండు గంటలు ఉండండి. ఒకళ్లు టీ పెడుతుంటే ఇంకొకళ్లు పక్కనుంచి వెళ్లగలరా? పిల్లాడు రాత్రి లేస్తే ఎవరిని తొక్కుకుంటూ దిగాలి?

ఉదాహరణకు టాటా వింగర్ కార్గో తీసుకుందాం. కంపెనీ చెప్పే లోపలి కొలత 3240 బై 1640 బై 1900 మిల్లీమీటర్లు. పక్కగోడలకు వేడి ఆపే షీటు 25 ఎంఎం, దాని మీద 6 ఎంఎం ప్లై వేస్తే రెండు వైపులా కలిపి 62 ఎంఎం పోతుంది. మిగిలిన వెడల్పు 1578, అంటే ఐదడుగుల రెండంగుళాలు. అంతకన్నా పొడుగున్న మనిషి అడ్డంగా కాళ్లు చాపి పడుకోలేడు. కాబట్టి మంచం నిలువుగా వేయాలి, 1900 ఎంఎం మంచానికే పోతే మిగిలేది 1340, నాలుగడుగుల ఐదంగుళాలు. వంటగట్టు, తలుపు, నిలబడే చోటు అన్నీ అందులోనే. ఎత్తులో కింద 22, పైన 31 ఎంఎం తీసేస్తే 1847 మిగులుతుంది, ఆరడుగుల మనిషికి తల మీద ఒక వేలి మందం ఖాళీ ఉంటుంది. ఇద్దరికి ఇది చక్కగా సరిపోతుంది. నలుగురికి చాలదు.

ఒక హెచ్చరిక. ఫోర్స్ ట్రావెలర్‌లో 3050, 3350, 3700, 4020 అనే నంబర్లు చూసి చాలామంది అది లోపలి పొడవు అనుకుంటారు. కాదు, అది వీల్‌బేస్, అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో. లోపలి కొలత మీరే టేపుతో తీయాలి. పైగా టూరిస్టు బండ్లలో తల మీదుగా ఏసీ డక్టు వెళ్తుంది, అది తీసేస్తే ఎత్తు ఎంత, ఉంచితే ఎంత, రెండూ రాసుకోండి.

3. ఇప్పుడు బండి రకం చూడండి

మారుతి ఈకో: ఒక్కరికి, లేదా సర్దుకుపోయే ఇద్దరికి. ధర తక్కువ, స్పేర్లు ఊరూరా దొరుకుతాయి, ఊళ్లో సందుల్లో తిరుగుతుంది. లోపల నిలబడే ప్రశ్నే లేదు. వెనక డోర్ తెరిచి బయట వంట, లోపల పడక, అంతవరకే పెట్టుకోండి. ఏసీ, బాత్రూమ్ ఊసెత్తకండి.

టాటా వింగర్: ఇంజన్ ముందు చక్రాలను తిప్పుతుంది, వెనక చక్రాలను తిప్పే కడ్డీ, అదే ప్రొపెల్లర్ షాఫ్ట్, కింద ఉండదు, అందుకే ఫ్లోర్ కిందికి ఉంటుంది, పెద్దవాళ్లు ఎక్కడానికి దిగడానికి సుఖం. బాడీయే బండికి ఎముకల గూడు, విడిగా ఫ్రేము లేదు. కాబట్టి రూఫులో అడ్డపట్టీలు కోసి పెద్ద కిటికీ పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రెండు పట్టీల మధ్య ఎంత సందు ఉంటే అంతలోనే ఫ్యాన్ పెట్టుకోవాలి.

ఫోర్స్ ట్రావెలర్: మనవాళ్లు ఇప్పటికీ టెంపో ట్రావెలర్ అనే పిలుస్తారు. 1987 నుంచి రోడ్ల మీద ఉన్న బండి, వెనక చక్రాల డ్రైవ్, హైవే పక్కన ఏ షెడ్డులోనైనా దీని మీద చెయ్యి పడిన మెకానిక్ దొరుకుతాడు. కుటుంబంతో దూరం తిరగాలనుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. సీట్లు, కిటికీలు లేని డెలివరీ వ్యాన్ కూడా వస్తుంది. కిటికీలు తక్కువైతే వేడి, నీళ్ల కారుడు రెండూ తక్కువ. అది కుదిరితే ఇంకా మంచిది.

ఫోర్స్ అర్బేనియా: 2022లో వచ్చింది, 3350, 3615, 4400 మూడు వీల్‌బేస్‌లలో. ప్రయాణం మెత్తగా ఉంటుంది, ధర గట్టిగా ఉంటుంది. బడ్జెట్ అంతా బండికే అయిపోయేలా ఉంటే వద్దు.

407 లాంటి లారీ ఛాసిస్ మీద డబ్బా కట్టించుకోవడం మరో దారి. బరువు బెంగ ఉండదు గానీ ఖాళీగా పోయేటప్పుడు కమాన్‌పట్టీలు (ఇరుసు మీద బండిని మోసే స్ప్రింగు పట్టీలు) నడుం విరగ్గొడతాయి, క్యాబిన్ నుంచి లోపలికి దారి ఉండదు. నేనైతే కుటుంబానికి చెప్పను. ఇంకోటి, బొలెరో క్యాంపర్ అనే పేరు చూసి పొరపడకండి, అది డబుల్ క్యాబిన్ పికప్.

ఏదీ తేల్చుకోలేకపోతే కొనకముందు ఒక ట్రావెలర్‌ను డ్రైవర్‌తో సహా అద్దెకు తీసుకుని రెండ్రోజులు అరకు వెళ్లి రండి. మలుపుల్లో వెనక సీట్లో ఎలా ఉంటుందో మీ ఇంట్లోవాళ్లే చెబుతారు.

4. మీరు తిరిగే రోడ్డు ఏది?

హైదరాబాద్ నుంచి హైవే మీద గండికోట, సూర్యలంక బీచి, ఇంతే అయితే ముందు చక్రాల డ్రైవ్ హాయిగా సరిపోతుంది. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగే ఘాట్, అనంతగిరి మీదుగా అరకు, వానల్లో బురద పొలాల గట్లు, ఇలాంటివి తరచుగా ఉంటే వెనక చక్రాల డ్రైవ్ తీసుకోండి. కారణం చిన్నదే: ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది. తిరిగే చక్రాల మీద బరువుంటేనే పట్టు దొరుకుతుంది.

ఇది నాకు అనుభవమే. నా మొదటి బండి ముందు చక్రాల డ్రైవ్. నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు రెండూ వెనక డోర్ పక్కన పెట్టించాను, పైపులు దగ్గరని. మారేడుమిల్లి ఘాట్‌లో తడి మలుపు దగ్గర స్టీరింగ్ చేతిలో తేలికైపోయింది, చక్రం ఒక్కసారి గిర్రున తిరిగి బండి ముందుకు కదల్లేదు. వెనక నా భార్య, పిల్లలు ఉన్నారు. మెల్లగా వెనక్కి జార్చి, కాసేపు ఆగి, నీళ్లన్నీ వదిలేసి ఎక్కించాం. ఇంటికొచ్చాక ట్యాంకు మళ్లీ నింపి కాటా వేస్తే మొత్తం బరువు హద్దులోనే ఉంది. కానీ ముందు చక్రాల మీద బరువు ఖాళీ బండి కంటే తగ్గింది! వెనక ఇరుసుకు అవతల పెట్టిన బరువు తూగుడుబల్లలా ముందు భాగాన్ని పైకి లేపుతుంది. ఆ వారమే ట్యాంకు తీయించి రెండు ఇరుసుల మధ్యకు మార్చాను.

అందుకే బండి చూసేటప్పుడే కింద పడుకుని చూడండి. డీజిల్ ట్యాంకు, సైలెన్సర్, స్టెప్నీ, ప్రొపెల్లర్ షాఫ్ట్ పోగా రెండు ఇరుసుల మధ్య నీళ్ల ట్యాంకుకు చోటుందా? లేకపోతే లోపల ఆ జాగాలోనే పెట్టేలా మీ ముగ్గు మార్చుకోండి.

5. కాగితాలు

ఇక్కడ తొందర పడొద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరును ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. సీట్లు తీసి మంచం వేయడం అంటే సీ-బుక్‌లో ఉన్న సీట్ల సంఖ్య మారడమే. కాబట్టి పని మొదలెట్టకముందే ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి, ఫలానా బండిని ఇలా మారుద్దామనుకుంటున్నానని గీసిన బొమ్మతో సహా రాతపూర్వకంగా అడగండి. పని అయ్యాక బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర నిలబడి బతిమాలుకునే పరిస్థితి రాకూడదు. మోటార్ కారవాన్‌లకు ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణం ఉంది. దాని ప్రకారం అనుమతి ఉన్న బిల్డర్ చేత కట్టిస్తే ఈ దారి సులువు. సొంతానికి వాడే క్యాంపర్ వ్యాన్ నాన్-ట్రాన్స్‌పోర్ట్ కిందికి వస్తుందని 2004 నవంబరు కేంద్ర నోటిఫికేషన్‌లోనే ఉంది, ఆఫీసులో ఎవరైనా తెలియదంటే ఆ కాపీ చూపించండి.

సెకండ్ హ్యాండ్ అయితే అది ట్రావెల్స్‌లో తిరిగిన ఎల్లో బోర్డు బండి అయ్యుండే అవకాశమే ఎక్కువ. చూడాల్సినవి:

- పర్మిట్ సరెండర్ చేశారా, పన్ను బాకీ ఉందా
- ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఎప్పటిదాకా ఉంది, చలానాలు ఎన్ని
- ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని చెప్పే ఫారం 35, ఎన్‌వోసీ చేతికిస్తారా
- వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఏ ఎన్‌వోసీ, అంటే ఫారం 28
- ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే వచ్చే అంకెలు, సీ-బుక్‌లో ఉన్నవి ఒకటేనా

తుప్పు పట్టి అంకె కనపడకపోతే, "అదే సార్, రుద్దితే కనపడుతుంది" అన్నా సరే, కనపడేదాకా డబ్బు ఇవ్వకండి. మార్పు అయ్యాక ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి పాలసీలో ఎక్కించుకోవడం మరిచిపోవద్దు, క్లెయిమ్ ఆగేది అక్కడే.

6. అడ్వాన్స్ ఇవ్వకముందు కాటా

ఖాళీ బండిని కాటా మీదకు రెండుసార్లు ఎక్కించండి, ముందు చక్రాలు మాత్రమే ఒకసారి, మొత్తం బండి ఒకసారి. రెండు చీటీలూ దాచుకోండి. మొత్తంలోంచి ముందుది తీసేస్తే వెనక ఇరుసు బరువు వస్తుంది. జీవీడబ్ల్యూలోంచి మొత్తం బరువు తీసేస్తే మీకు మిగిలింది ఎంతో తెలుస్తుంది. దాన్ని మీ 900తో పోల్చండి. నేనైతే కనీసం 150 కిలోలు ఖాళీ ఉంచుకుంటాను, ఎందుకంటే ఏ ఊరెళ్లినా తిరిగొచ్చేటప్పుడు బియ్యం బస్తానో మామిడిపళ్ల పెట్టెలో ఎక్కుతాయి.

సీట్లున్న బండి అయితే సీట్లు తీశాక ఇంకోసారి వేయండి. అమ్మేవాళ్లు కాటాకు రానంటే "ఖర్చు నాదే" అని చెప్పండి, అప్పుడు కూడా రానంటే ఆ బండి వదిలేయండి.

7. తుప్పు, టింకరింగ్

విశాఖ, కాకినాడ వైపు తిరిగిన బండ్లను రెండింతలు జాగ్రత్తగా చూడాలి. ఉప్పుగాలి పైకి కనపడదు. ఫ్లోర్ మ్యాట్లు ఎత్తి, చక్రాల పైన గూళ్లలో, డోర్ల కింది అంచుల్లో, రూఫ్ చుట్టూ ఉన్న కాలువలో టార్చి వేసి చూడండి. అయస్కాంతాన్ని బాడీ అంతా తిప్పండి, ఎక్కడ అతుక్కోకుండా జారిపోతుందో అక్కడ రంగు కింద పుట్టీ ఉంది. ఒకట్రెండు చోట్ల అయితే బేరం ఆడుకోవచ్చు. చక్రాల గూటి దగ్గరో, బాడీ కింద అడ్డంగా వెళ్లే ఇనుములోనో అయితే మొహమాటం లేకుండా వద్దని చెప్పండి.

తర్వాత పైపుతో రూఫు మీద అరగంట నీళ్లు కొట్టండి, లోపల ఒకరు కూర్చుని వేలితో కిటికీ రబ్బర్ల కింద తడుముతూ ఉండాలి. ఎండాకాలంలో కొన్న బండి కారుతుందని వానాకాలంలో, అదీ ప్లై అంతా బిగించేశాక తెలిస్తే గోడలన్నీ విప్పాల్సి వస్తుంది.

బీఎస్6 డీజిల్ బండ్లలో డీఈఎఫ్ ద్రవం (పొగలో కాలుష్యం తగ్గించేది) పోసేవి ఉంటాయి. ఆ ట్యాంకు మూత ఎక్కడుందో చూసి, దానికి అడ్డంగా అల్మరాగానీ బయట సామాన్ల పెట్టెగానీ రాకుండా చూసుకోండి.

8. బరువుతో నడిపి చూడండి

ఖాళీ బండి అందరికీ బాగానే ఉంటుంది. తెలిసినవాళ్లను పదిమందిని ఎక్కించండి, లేదా 20 లీటర్ల నీళ్ల క్యాన్లు నింపి పేర్చి తాళ్లతో కట్టండి. దగ్గర్లో ఏదైనా ఎత్తు రోడ్డు చూసి ఎక్కించండి, మధ్యలో ఆపి మళ్లీ కదిలించండి. క్లచ్ వాసన వస్తుందా? దిగేటప్పుడు రెండో గేరులో బండి తనంతట తను వేగం పెరగకుండా ఉంటోందా, బ్రేకు మీద నిలబడాల్సి వస్తోందా? ఆగాక టైరు పక్కల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, నాలుగింట్లో ఒకటే బాగా వేడెక్కితే అక్కడ బ్రేకు పట్టేస్తోంది లేదా బేరింగ్ పోయింది. డ్రమ్ముని, డిస్కుని మాత్రం ముట్టుకోకండి, కాలుతుంది.

ఇదే సమయంలో మడ్‌గార్డు అంచు నుంచి చక్రం మధ్యకు ఎంత దూరం ఉందో నాలుగు పక్కలా ఖాళీగా ఒకసారి, బరువుతో ఒకసారి కొలిచి రాసుకోండి. ఒక పక్కే ఎక్కువ కుంగితే కమాన్‌పట్టీలు విప్పించి చూడాలి. కుంగుతోందని ఒక పట్టీ అదనంగా వేయిస్తే సరిపోతుందని షెడ్డులో చెబుతారు. బండి పైకి లేస్తుంది నిజమే, కానీ జీవీడబ్ల్యూ పెరగదు. బ్రేకులు, ఇరుసు, టైర్లు అవే కదా.

9. కొన్నాక సరిచూసుకోవడం

కాటా ఇంకో మూడుసార్లు వేయాలి: ఫ్రేము, గోడలు అయ్యాక ఒకసారి, అల్మరాలు, బ్యాటరీ బిగించాక ఒకసారి, నీళ్లు, డీజిల్ నింపి అందరూ ఎక్కి కూర్చున్నాక ఒకసారి. ప్రతిసారీ ముందు చక్రాలు విడిగా. చివరి చీటీలో ముందు చక్రాల బరువు ఖాళీ బండి చీటీ కంటే తగ్గకూడదు. తగ్గితే బరువైనవి రెండు ఇరుసుల మధ్యకు జరపండి. కుడి ఎడమల సంగతి స్టెప్ 8లో రాసుకున్న మడ్‌గార్డు కొలతలతో తెలుస్తుంది. వంటగట్టు, ఫ్రిజ్, నీళ్లు అన్నీ ఒకే పక్కకు వచ్చాయంటే బ్యాటరీని రెండో పక్కకు మార్చండి.

మొదటి ప్రయాణం వంద కిలోమీటర్లు దాటనీయకండి. తిరిగొచ్చాక చక్రాల నట్లు, ఫ్లోర్‌కు వేసిన బోల్టులు మళ్లీ బిగించి, మడ్‌గార్డు కొలతలు ఇంకోసారి తీసి ఆ నోట్‌బుక్‌లోనే పక్కన రాయండి.